గండి దగ్గర మొదటి ముక్క

“ఆఫీసరు గారు భోంచేస్తారేమో కనుక్కో, సిమియోనా” అన్నాడు మా అన్నయ్య ఫెర్మీన్, నా వైపు చూస్తూ.

ఆ ఆఫీసరు గారు బల్లకి అవతలి పక్కనే కూర్చుని ఉంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో. ఆయన కన్నకూతురే.

“తింటానని చెప్పు అత్తా” అంది నెరీసా, తనూ నా వైపే చూస్తూ.

మంగళవారం నుంచీ మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగానే నడుస్తున్నాయి. ఉప్పు అందుకోవాలన్నా నాతోనే చెప్పాలి, తలుపు వెయ్యాలన్నా నాతోనే చెప్పాలి. అరవై దాటాక నాకీ తపాలా ఉద్యోగం ఎందుకు వచ్చిపడిందో తెలియదు. పైగా ఇద్దరూ నా మొహంలోకే చూసి మాట్లాడుతుంటే, ఇద్దరి కోపమూ నా మీదే అన్నట్టుంది.

మా వదిన ఇసొలీన్ ఉడికిన అరటికాయలు కొయ్యరోట్లో వేసి దంచుతోంది. హుదుత్ ముద్దకి అరటికాయ మెత్తగా నలగాలి, నిజమే. కానీ ఆ పూట ఆవిడ రోకలి పోటుకి, పొయ్యి మీద కొబ్బరిపాల చేపలచారు గిన్నె మూత కూడా ఎగిరెగిరి పడుతోంది.

గుమ్మం పక్కన మేకు ఖాళీగా ఉంది. మా అన్నయ్య గైడు బ్యాడ్జి తగిలించే మేకు అది. పొద్దున్నే బ్యాడ్జి తీసి చొక్కాకి పెట్టుకుని వెళ్తాడు, పడవ దిగి వచ్చి మళ్ళీ అక్కడే తగిలిస్తాడు. ఆ మేకు ఖాళీగా ఉందంటే మనిషి సముద్రం మీద ఉన్నాడని మాకు లెక్క. ఇప్పుడు మనిషి ఇంట్లోనే ఉన్నాడు, మేకూ ఖాళీగానే ఉంది.

మంగళవారం పగడాల గండి దగ్గర, అంటే పగడాల దిబ్బల మధ్య పడవలు దాటే సందు దగ్గర, జరిగింది ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు. నేను మాత్రం మా దగ్గర బస చేసి, ఆ రోజు పడవలో ఉన్న అతిథులు చెప్పిందే నమ్ముతాను. అన్నయ్య ఎప్పటిలాగే గండి చేరగానే ఇంజను ఆపాడు. అతిథులు కళ్ళకి అద్దాలు బిగించుకుని, నోట్లో గొట్టాలు పెట్టుకుని దూకడానికి సిద్ధంగా ఉన్నారు. ఎవరూ నీళ్ళలో దిగకముందే ఆయన నేను కాల్చిన ఎరెబా, అంటే మా కర్రపెండలం రొట్టె, ఒక ముక్క చిదిపి నీళ్ళలో వేశాడు. సీసా మూతతో కాస్త రమ్ము పోశాడు. మా నాన్నకి.

మా నాన్న కెప్టెన్ డియోనీసియో అరియోలా. తుఫాను ముంచుకొస్తుంటే అవతలి దీవిలో చిక్కుకున్న జాలర్లని తీసుకురావడానికి వెళ్ళి, ఆ గండిలోనే పడవతో సహా పోయాడు. ఒక్క చెక్కముక్క కూడా ఒడ్డుకి కొట్టుకురాలేదు. అందరికీ చేసినట్టే ఆయనకీ తొమ్మిది రాత్రుల జాగారం చేశాం, కాకపోతే మంచం మీద మనిషికి బదులు చొక్కా పరిచి చేశాం. ఆయనకి సమాధి లేదు. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరు గండి దాటినా మొదటి ముక్క ఆయనదే.

ఆ వేళ పక్కనే ఇంకో గైడు కెన్‌రాయ్ పడవ కూడా ఆగి ఉంది. పోయిన నెల వాడు అతిథుల ఫొటోల కోసం చేపలకి బ్రెడ్డు వేస్తుంటే నెరీసా వాడి బ్యాడ్జి తీసేసుకుని వారం రోజులు ఒడ్డున కూర్చోబెట్టింది. మా ఊళ్ళో రేంజరు చొక్కా వేసుకున్న మొదటి ఆడపిల్ల మా నెరీసాయే. మొహమాటం అనేది దాని ఒంట్లో లేదు. కెన్‌రాయ్ కాస్త దూరంలో ఉన్న నెరీసా గస్తీ పడవ కేసి చూసి, అందరికీ వినిపించేలా, “రేంజరమ్మా, నేను వేస్తే బ్రెడ్డు, మీ నాన్న వేస్తే పువ్వులా?” అన్నాడట.

నెరీసా గస్తీ పడవని మా పడవ పక్కకి తెచ్చి ఆపింది. “కెప్టెన్ అరియోలా, శుక్రవారం విచారణ అయ్యేదాకా మీ బ్యాడ్జి నాకివ్వండి” అంది. నాన్నా అనలేదు. ఆయన మారుమాట లేకుండా బ్యాడ్జి విప్పి దాని చేతిలో పెట్టాడు. అతిథుల సరదా పాడవకూడదని నెరీసాయే వాళ్ళ పక్కన ఉండి పగడాలన్నీ చూపించి, క్షేమంగా రేవుకి చేర్చిందట. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ చెప్పలేదు, అతిథులు చెప్పారు.

ముద్దలు కంచాల్లో పెడుతూ పెడుతూ మా వదిన ఆగిపోయింది.

“మీ తాతకి పెట్టాడని నీకు తెలియదూ?” అంది కూతురితో, చాలా నెమ్మదిగా. మా వదిన గొంతు పెంచితే భయం లేదు, తగ్గిస్తేనే భయం.

“తెలుసమ్మా.”

“తెలిసే చేశావు.”

“తెలిసే చేశాను. కెన్‌రాయ్ మాత్రం పరాయివాడా? వాళ్ళమ్మా నువ్వూ ఒకే చాప మీద కూర్చుని కర్రపెండలం తురుముతారు కదా.”

“వాడు చేపలకి వేశాడు.”

“నీళ్ళలో వేశాడమ్మా. నాన్నా నీళ్ళలోనే వేశాడు. రేవులో బోర్డు మీద చేపలకి వెయ్యకూడదని రాసి లేదు. నీళ్ళలో ఏదీ వెయ్యకూడదని రాసి ఉంది.”

మా వదిన మళ్ళీ ముద్దలు పెట్టడంలో పడింది. బోర్డు మీది ఆ మాట మా అన్నయ్యదే.

ఎక్కడెక్కడి పడవలవాళ్ళో వచ్చి చేపలకి బ్రెడ్డూ చేపముక్కలూ వెయ్యడం మొదలుపెట్టిన రోజుల్లో, చేపలు అతిథుల వేళ్ళు కొరికేదాకా వచ్చాయి. పగడాల మీది నాచు తినాల్సిన చేపలు నాచు మానేసి పడవల వెంట పడ్డాయి, ఆ నాచు పెరిగి పగడాల్ని కప్పేసింది. అప్పుడు ఊరి సభలో లేచి నిలబడి, నీళ్ళలో ఏదీ వెయ్యకూడదని, ఎవరు వేసినా బ్యాడ్జి తీసెయ్యాలని పట్టుబట్టింది కెప్టెన్ ఫెర్మీన్ అరియోలా. ఆ రోజు నేను హాల్లో ముందు వరసలో కూర్చుని, ఈయన మా అన్నయ్య అని పక్కవాళ్ళందరికీ చెప్పాను. వాళ్ళందరికీ అప్పటికే తెలుసు.

అంత చేసిన మనిషి, రోజూ ఆ బోర్డు పక్కనుంచే పడవెక్కి వెళ్ళి గండి దగ్గర రొట్టె వేశాడు. ఆ రెండూ ఒకదానికొకటి తగులుతాయని ఆయనకి ఒక్కసారి కూడా తోచలేదు. ఆయనకే కాదు, నాకూ తోచలేదు, ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నీళ్ళలో వెయ్యడం వేరు, నాన్నకి పెట్టడం వేరు. కెన్‌రాయ్ నోరు తెరిచేదాకా ఆ రెండూ ఒకటేనని మాకు తెలియదు.

అన్నయ్య తినడం ముగించి లేచాడు.

“చెప్పు సిమియోనా ఆఫీసరు గారికి. శుక్రవారం సాయంత్రం హాలుకి నా అంతట నేనే వస్తానని. పిలవడానికి ఎవరూ రానక్కర్లేదని.”

“సరేనని చెప్పు అత్తా.”

ఆయన టోపీ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నెరీసా లేచి తన కంచంతో పాటు ఆయన కంచం కూడా కడిగి బోర్లించి, డ్యూటీకి వెళ్ళిపోయింది. మా వదిన ఆ రెండు కంచాల కేసి చాలాసేపు చూస్తూ నిలబడింది.

మర్నాడు, గురువారం, అతిథులకి అడవి వంతు. మా దగ్గర దిగినవాళ్ళకి రెండు రోజులు సముద్రమైతే ఒక రోజు అడవి, అదే వరస. అడవిలో దారి చూపించేది కొండ కింది మాయా తెగ పల్లెవాడు లూసియో చోక్. అక్కడ బ్యాడ్జి అతనిది, మా అన్నయ్యది వ్యాను తోలే పని మాత్రమే. కాబట్టి ఆ రోజు ఆయన్ని ఆపే హక్కు కూతురికి కూడా లేదు. బీన్సు అన్నం, కోడికూర, వేయించిన పండు అరటి సర్దుకుని నేనూ వ్యాను ఎక్కాను.

నారింజ తోటలు దాటాక ఎర్రమట్టి దారి. అక్కడి నుంచి నడక. లూసియో ముందు నడుస్తూ ఆకుల కింద ఆకుల్లా నక్కిన కప్పల్ని చూపించాడు. తడిమట్టిలో జాగ్వార్ అడుగు చూపిస్తే అతిథులంతా దాని చుట్టూ గుమిగూడారు. మా అన్నయ్య వెనకాల చివర్న నడిచాడు. ఎప్పుడూ ముందు నిలబడి మాట్లాడే మనిషి వెనకాల మంచినీళ్ళ డబ్బా మోసుకుంటూ వస్తుంటే నేనే తల దించుకున్నాను. ఆయన మాత్రం తల దించుకుని నడవలేదు. వ్యాను తోలినా, నీళ్ళు మోసినా ఆయన నడక కెప్టెన్ నడకే.

జలపాతం దగ్గర కుర్రజంటలు చల్లటి నీళ్ళలోకి దూకాయి. మిసెస్ హాలమ్ ఒక బండ మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. విన్నిపెగ్ నుంచి వచ్చిన ఈ పెద్దావిడకి డెబ్బై ఏళ్ళు, ఈత రాదు. వచ్చిన మొదటి రోజు మోకాలి లోతులో నిలబడటానికే బెదిరింది. మా అన్నయ్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ముఖం నీళ్ళలో పెట్టించాడు. కాసేపటికి తల పైకెత్తి, కింద ఇంత లోకం ఉందని నాకెవరూ చెప్పలేదేం అని గొట్టం నోట్లో ఉండగానే అడిగిందట. అప్పటినుంచీ ఆవిడకి మా అన్నయ్య ఎంత చెబితే అంత.

“కెప్టెన్, ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. మంగళవారం మీరు చేపలకి ఏం పెట్టారు?”

“చేపలకి నేనేమీ పెట్టలేదమ్మా” అన్నాడు ఆయన. “మా నాన్నకి పెట్టాను.”

అన్నయ్య తుఫాను సంగతి చెప్పాడు, చొక్కా పరిచి చేసిన జాగారం చెప్పాడు, బోర్డు మీది మాట తనదేనని కూడా చెప్పాడు. ఏదీ పెంచి చెప్పలేదు, ఏదీ దాచలేదు. అంతా విని ఆవిడ, రేపు హాలుకి వచ్చి ఈ మాటలన్నీ నేను చెబుతానంది. దానికి ఆయన ఒప్పుకోలేదు. మా ఇంటి సంగతి మా నోటితో మేమే చెప్పుకోవాలని, ఆవిడ సెలవులకి వచ్చింది కాబట్టి పగడాలూ అడవీ చూసుకుంటే చాలని మర్యాదగానే చెప్పాడు.

“మీ అమ్మాయి మీద చాలా కోపంగా ఉండి ఉంటారు” అంది ఆవిడ.

మా అన్నయ్య నవ్వాడు. మంగళవారం తర్వాత ఆయన నవ్వగా చూడటం నేను అదే మొదలు.

“కోపమా? బ్యాడ్జి తీసుకుంటున్నప్పుడు దాని చెయ్యి చూశారా మీరు? నేను చూశాను. వణకలేదు. అంతమంది ముందు, సొంత తండ్రి దగ్గర. నా తర్వాత ఈ సముద్రాన్ని ఎవరు చూసుకుంటారా అని ఎన్నాళ్ళ నుంచో దిగులు పడుతున్నాను. ఆ పూటతో నా దిగులు తీరిపోయింది.”

“మరి మాట్లాడరేం?”

“విచారణ కాకుండా మాట్లాడితే, తండ్రీ కూతుళ్ళు ఇంట్లో కూర్చుని కూడబలుక్కున్నారంటారు. నా పేరుకి ఎంత మసి అంటినా తుడుచుకోగలను. దాని పేరు కొత్తది.”

కోడికూర వడ్డిస్తున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్ని రోజులూ నేను మోసుకు తిరిగిన ఆ సూటిపోటి మాటల వెనక ఇంత ముద్దుందా అనిపించి కళ్ళు చెమర్చాయి. ఆయన నా కేసి చూశాడు.

“ఈ మాట ఇల్లు చేరకూడదు సిమియోనా.”

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. ఆ సాయంత్రం మా వదిన మొహం చూస్తే ఎక్కడ చెప్పేస్తానో అని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నెరీసా బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వస్తే, మా వదిన తలుపుకి అడ్డంగా నిలబడింది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఆవిడా చెప్పింది. ఒక్కసారి జరిగిన తప్పయితే మందలించి బ్యాడ్జి ఇచ్చేస్తారు. అలవాటుగా చేస్తున్నాడని తేలితే బ్యాడ్జి ఇక జన్మలో తిరిగి రాదు.

“నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. మంగళవారం చూశావు కదా, ఆ ఒక్క రోజు సంగతే చెప్పు. అంతకు మించి నిన్నెవరూ అడగరు.”

“అడిగితే?”

“అడగరు.”

“అడిగితే ఏం చెప్పనమ్మా?”

మా వదిన పక్కకి తప్పుకుంది. కానీ నెరీసా చొక్కా ఇస్త్రీ సరిగా లేదని విప్పించి, మళ్ళీ తనే మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

హాలు నిండిపోయింది. ఈ పగడాల రిజర్వుకి పెద్ద, నెరీసా పైఅధికారి యూస్టస్ గిల్లెట్ పట్నం నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. అందరికీ సులువైన దారి వెతికే రకం, అలాంటివాళ్ళతోనే కష్టం. బల్ల మీద మా అన్నయ్య బ్యాడ్జి పెట్టి, దాన్ని ఆయన వైపుకి కాస్త జరిపాడు కూడా.

“ఒక్కసారి పొరపాటు జరిగిందనండి కెప్టెన్. తీసుకుని వెళ్ళిపోండి.”

“పొరపాటు కాదండి. అందుకని అనలేను.”

“పోనీ, మళ్ళీ చెయ్యనని అయినా అనండి.”

“చేస్తాను కాబట్టి అదీ అనలేను. అలాగని నియమం తప్పనీ అనను. అది నేను అడిగి తెచ్చుకున్నది. ఇవాళ సభ పెట్టి అడిగినా దానికి మొదట చెయ్యెత్తేది నేనే.”

వెనక వరసల్లో గుసగుసలు లేచాయి. కెన్‌రాయ్ గోడకి చేరబడి నిలబడ్డాడు. మంగళవారం నాటి జోరు వాడి మొహంలో లేదు. గిల్లెట్ నుదురు తుడుచుకుని నెరీసా వైపు తిరిగాడు.

“ఆఫీసర్ అరియోలా, డ్యూటీలో మీరు చూసినంతలో, కెప్టెన్ ఇలా చెయ్యడం మంగళవారమే మొదటిసారి కదా?”

ఎంత నేర్పుగా అడిగాడో చూడండి. అవునంటే అబద్ధం కాదు, ఎందుకంటే డ్యూటీలో ఉండగా అది చూసింది ఆ ఒక్క రోజే. ఒక్క అవునుతో మా పడవ మళ్ళీ సముద్రం మీదికి వెళ్తుంది, గుమ్మం పక్క మేకు నిండుతుంది. మా వదిన చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. నెరీసా నేల చూపులు చూస్తూ నిలబడింది.

“నెరీసా” అన్నాడు మా అన్నయ్య.

హాలంతా అటు తిరిగింది. మంగళవారం తర్వాత ఆయన దాన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

“ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ.”

అది తలెత్తి ఆయన్ని చూసింది. “చెబుతాను నాన్నా” అంది. ఆ తర్వాత గిల్లెట్ వైపు తిరిగింది.

“మొదటిసారి కాదండి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. చూడటమే కాదు, రొట్టె నా గుప్పిట్లో పెట్టి నా చేతే వేయించేవాడు. ఈ చొక్కా మొదటిసారి వేసుకున్న రోజు, గస్తీకి వెళ్తూ గండి దగ్గర నేనే వేశాను, నా చేత్తో. అది తప్పని అప్పుడూ తోచలేదు. మంగళవారం కెన్‌రాయ్ అడిగినప్పుడు తోచింది. వాడు అడిగింది న్యాయమే.”

చొక్కాకున్న తన బ్యాడ్జి విప్పింది. బల్ల మీద మా అన్నయ్య బ్యాడ్జి పక్కన పెట్టింది.

“ఆయనది అలవాటయితే నాదీ అలవాటే. ఆయనకి ఏది రాస్తే నాకూ అదే రాయండి.”

నేను చాలా చూశాను. మా నాన్న పోయిన రోజు చూశాను, ఈ హాల్లోనే మా అన్నయ్య ఊరంతటినీ ఒప్పించిన రోజు చూశాను. కానీ మా ఇంటి పేరు ఇంత ఎత్తున నిలబడిన రోజు ఇంకోటి చూడలేదు. ఆ పూట పక్కవాళ్ళకి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. గోడ దగ్గర కెన్‌రాయ్ తన బ్యాడ్జి మీద చెయ్యి వేసుకుని, నేను కోరింది ఇది కాదు అని మెల్లగా అన్నాడు.

గిల్లెట్ రెండు బ్యాడ్జీల కేసీ చూశాడు.

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు కెప్టెన్?”

“రేపు పొద్దున మా పడవలో రండి. నాకు బ్యాడ్జి లేదు కాబట్టి అతిథులుండరు. గండి దాకా వెళ్దాం. అక్కడ జరిగేది మీ కళ్ళతో చూసి, దానికి ఏ పేరు పెట్టాలో మీరే పెట్టండి.”

“నేను పడవలో ఉండగా కూడా వేస్తారా?”

“మీరు ఎదురుగా కూర్చుంటే మా నాన్నకి ఆకలి తగ్గుతుందా?”

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గిల్లెట్‌కి ఈసారి సులువైన దారి ఏదీ దొరకలేదు. బ్యాడ్జీలు రెండూ తీసి జేబులో వేసుకున్నాడు.

“వస్తాను. కానీ ఒక మాట ఇప్పుడే చెబుతున్నాను. నా కళ్ళ ముందు నీళ్ళలో ఏదైనా పడిందా, ఈ రెండూ నా జేబులోనే ఉండిపోతాయి. ఏమీ పడలేదా, అక్కడే మీ ఇద్దరి చేతుల్లో పెడతాను.”

శనివారం పొద్దున్నే నేను పెనం ముందు కూర్చున్నాను. తురిమి, రసం పిండేసి, ఆరబెట్టిన కర్రపెండలం పిండి పెనమంత వెడల్పున పరిచి కాలుస్తున్నాను. మా వదిన వచ్చి పక్కన నిలబడింది. ముందు రోజు మధ్యాహ్నం తలుపుకి అడ్డం నిలబడిన మనిషి, ఈ రొట్టె కూడా వద్దంటుందేమో అనుకున్నాను.

“ఆ అంచు మాడింది, తీసెయ్యి” అంది. “మామయ్యగారికి మాడు నచ్చదు.”

రేవుకి అందరికంటే ముందు గిల్లెట్ వచ్చాడు, బూట్లు చేత్తో పట్టుకుని. బోర్డు పక్కనుంచి వెళ్తూ దాన్ని ఒకసారి చదువుకున్నాడు. నెరీసా బ్యాడ్జి లేని రేంజరు చొక్కాతో వచ్చింది. పిన్ను పెట్టిన చోట రెండు చిల్లులు కనిపిస్తున్నాయి.

మా అన్నయ్య ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి లేచి పక్కకి జరిగాడు.

“చుక్కాని నువ్వు పట్టు” అన్నాడు కూతురితో.

అది కూర్చుంది. నేను గుడ్డలో చుట్టి తెచ్చిన రొట్టె అన్నయ్య చేతికిచ్చాను. ఆయన అందులోంచి ఒక ముక్క విరిచి దానికిచ్చాడు.

“ఇవాళ ఇది నీ చేతిలో ఉంటుంది. వెయ్యమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. ఏం చేసినా నువ్వు నా కూతురివే.”

నెరీసా ఆ ముక్కని చొక్కా జేబులో పెట్టుకుంది, బ్యాడ్జి ఉండే చోటికి సరిగ్గా కింద. ఇంజను స్టార్టు చేసింది. పడవ తిన్నగా గండి వైపు తిరిగింది. దాని చెయ్యి వణకలేదు, అది నేనూ చూశాను.

గండి మా ఒడ్డు నుంచి కనిపించదు. పడవ చిన్నదైపోయి, ఇంజను చప్పుడు కూడా వినిపించకుండా పోయాక, పక్కకి చూస్తే మిసెస్ హాలమ్ నిలబడి ఉంది. ఆ రోజు సముద్రం లేదని తెలిసి కూడా నీళ్ళద్దాలు మెడలో వేసుకునే వచ్చింది.

“వేస్తుందంటారా?” అని అడిగింది.

“నాకు తెలియదమ్మా” అన్నాను. “ఒక్కటి మాత్రం చెప్పగలను. వేసినా, వెయ్యకపోయినా, వాళ్ళ నాన్న కళ్ళలోకి చూస్తూనే చేస్తుంది. అది అరియోలా పిల్ల.”